గిన్నె గీరిన చోట

"ఈ బల్ల కుదిరితే వెనకగది నీది. లేదంటే నీ డబ్బాలన్నీ అటకెక్కుతాయి," అంది అత్తయ్య.

వెనకగది నిండా ఆవిడ పాత పెట్టెలే. నేను బట్టలుతికే చోట బకెట్ల మధ్య కూర్చుని, ఆరితే గాజులా బిగుసుకునే రెజిన్ కలుపుతున్నాను. బల్ల పళ్ళ డాక్టరుగారిది. పేషెంట్లు కూర్చునే గదికి సముద్రం కావాలన్నారాయన.

చెక్కకు ముందే ఇసుకరంగు వేసి ఆరబెట్టాను. రెజిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ పోసి, నురగ రాకుండా నిదానంగా కలిపి, నీలం చేర్చాను. కాస్త ఎత్తునుంచి సన్నటి ధారగా పోస్తే గాలిబుడగలు దారిలోనే చితికిపోతాయి. నీలం తనంతట తాను సర్దుకుంటూ అంచులదాకా పాకింది. ఒడ్డు వెంబడి తెల్లరంగు గీతలా పోసి, హెయిర్ డ్రయర్‌తో వేడిగాలి తగిలించాను. తెలుపు పలచబడి, చిల్లులు పడి, లేసు అల్లికలా నీలం మీదికి జారింది. అల విరిగింది. చప్పుడొక్కటే తక్కువ.

"ఓసినీ, కదుల్తోందే!" అంది అత్తయ్య మాస్కులోంచి.

దుమ్ము పడకుండా కప్పడానికి అట్టపెట్టె తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి రెజిన్ గిన్నె తోమినట్టు తళతళలాడుతోంది. కలిపే పుల్ల అత్తయ్య చేతిలో ఉంది.

"గిన్నెకి బోలెడు వదిలేశావు. గీరి అందులోనే వేసేశా," అంది, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

వంటింట్లో అత్తయ్య గీరిన గిన్నెను మళ్ళీ కడగక్కర్లేదు. కానీ గిన్నె గోడకు అంటుకున్న రెజిన్‌లో హార్డెనర్ సరిగ్గా కలవదు. అది ఎన్నాళ్ళున్నా గట్టిపడదు. ఎక్కడ వేసిందో అని వెతికాను. నీలం నీలంలో కలిసిపోయింది.

మర్నాడు బల్లంతా అద్దంలా బిగుసుకుంది. మధ్యలో అరచేయంత మేర మాత్రం వేలికి జిగురు తగిలింది.

"పూలకుండీ పెట్టేస్తే సరి," అన్నారు మా ఆయన.

"నువ్వూరుకోరా! ఇది నేను గీరినందుకేనా, అమ్మాయ్?"

"అవునత్తయ్యా."

"గీరి వేసింది నేను. గీరి తీసేదీ నేనే," అని గ్లౌజులు తొడుక్కుంది. పలచటి రేకుతో, గట్టిపడినచోట గీత పడకుండా, జిగురునంతా ఎత్తేసింది. అడుగున ఇసుకరంగు బయటపడింది. నేను అక్కడ స్పిరిట్‌తో తుడిచి, గరుకు కాగితంతో బల్లంతా రుద్ది, రంగు కలపని రెజిన్‌ను ముందు ఆ గుంటలో, తర్వాత బల్లంతా పోశాను.

"ఆ గిన్నె అవతల పెట్టవే, గీరమని చేతులు లాగుతున్నాయి," అంది అత్తయ్య, చేతులు వెనక్కి కట్టుకుని.

మర్నాడు ఇద్దరం కలిసి అట్టపెట్టె ఎత్తాం. నీలం మధ్యలో ఒక మడుగు తెరుచుకుంది. తేరిన నీళ్ళలో అడుగున ఇసుక కనిపిస్తోంది. గోరంత మందం కూడా లేనిచోట నడుంలోతు నీళ్ళున్నట్టుంది. తల కొంచెం కదిపితే లోపల వెలుగు కదిలింది. ఇందులో నేను అనుకుని చేసింది ఏదీ లేదు.

అత్తయ్య మెల్లగా వేలు చాపింది. తడి తగులుతుందనుకుందేమో, ముందే చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్ళీ ఆనించి, వేలిని వెలుతురులో తిప్పి చూసుకుంది.

"తడవలేదే..." అంది గుసగుసగా.

బల్ల మీద పడిన వేలిముద్రను కొంగుతో తుడిచేసింది. "దీన్ని చూస్తే ఎవరైనా నోరు తెరుచుకునే కూర్చుంటారు. డాక్టరుకి సగం పని తప్పినట్టే."

తర్వాత వెనకగదిలోంచి పెట్టె ఈడుస్తున్న చప్పుడు వినిపించింది.

"ఇటొచ్చి ఓ చెయ్యి వెయ్యవే, గుడ్లప్పగించి చూసింది చాల్లే!"