ఆసనం మీద నాలుగున్నర గంటలు

సరిగ్గా ఆరూ నలభైకి గురువుగారి నోటి కుడి మూల కిందికి జారింది.

హాల్లో అది చూసింది కాంపౌండర్ ఒక్కడే. మిగతా పద్నాలుగు మందీ కళ్ళు మూసుకుని చాపల మీద బిగుసుకుపోయి ఉన్నారు. ఆదివారం దీర్ఘధ్యానం. మధ్యాహ్నం పన్నెండు కొట్టేదాకా ఎవరూ కళ్ళు తెరవరు. వెనక కూర్చుని కాపలా కాయడం కాంపౌండర్ పని.

ఈ యోగ మందిరానికి రాకముందు అతను పదేళ్ళు ఆసుపత్రి అత్యవసర వార్డులో పనిచేశాడు. గురువుగారి కుడిచెయ్యి మోకాలి మీంచి జారి ఒళ్ళో పడగానే విషయం అర్థమైపోయింది. పక్షవాతం. మెదడులో రక్తం గడ్డకట్టి ఉంటుంది. నాలుగున్నర గంటల్లోపు సూదిమందు పడితే మనిషి కోలుకునే ఆశ ఉంది. అంటే పదకొండూ పది దాకా.

లేవబోయాడు. నిన్న సాయంత్రం గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

“పద్దెనిమిదేళ్ళయింది నువ్వొచ్చి,” అన్నారు గురువుగారు గోళ్ళు తీసుకుంటూ. “ముక్తి సంగతి సరే, నీకు కూర్చోవడం తప్ప ఏమీ పట్టుబడలేదురా. ఆ మాటకొస్తే నీ చాప కూడా పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే ఉంది. రేపు ధ్యానం అయ్యాక అందరికీ చెప్పేస్తాను. పెట్టె సర్దుకో.”

“ఎక్కడికి పొమ్మంటారు?”

“చూశావా, దానిక్కూడా నేనే చెప్పాలి.” ఆయన నవ్వారు.

పన్నెండింటికి ఆ నోరు తెరుచుకుంటే యాభై ఏళ్ళ వయసులో కాంపౌండర్ రోడ్డున పడతాడు. తెరుచుకోకపోతే పడడు.

తొమ్మిదింటికి వెనక గదిలోంచి గురువుగారి కూతురు వచ్చింది. తండ్రిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“అన్నయ్యా, నాన్న మూతి వంకరగా లేదూ?” గుసగుసగా అడిగింది.

“లోపలికి వెళ్ళిపోయారమ్మా. ఒంటి మీద పట్టు వదిలేస్తే అలాగే ఉంటుంది.”

“చొంగ కారుతోంది.”

“ప్రాణం నడినెత్తికి చేరాక నోటి మీద ధ్యాస ఎక్కడుంటుంది, తల్లీ?”

“నాకెందుకో భయంగా ఉంది. అంబులెన్సుకి ఫోన్ చేస్తాను.”

“చెయ్యి. కాదనడానికి నేనెవర్ని?” కాంపౌండర్ గోడవైపు చూశాడు. ధ్యానంలో ఉన్నవారిని తాకరాదు, పిలవరాదు అని గురువుగారే ఎర్రరంగుతో రాసుకున్నారు. “ఈసారి ఎన్నేళ్ళు మాట్లాడరో, అదొక్కటి ఆలోచించుకో.”

ఆమె ముఖం పాలిపోయింది. పన్నెండేళ్ళప్పుడు, స్నానాలగదిలో అమ్మ పడిపోయిందని ధ్యానంలో ఉన్న తండ్రి భుజం పట్టి కుదిపింది. “ముక్తి గడప దాకా వెళ్ళినవాణ్ణి వెనక్కి లాగావు,” అన్నారాయన. తర్వాత తొమ్మిదేళ్ళు ఆమెతో మాట్లాడలేదు, తల్లి చనిపోయిన రోజున కూడా. పోయిన నెలలోనే మళ్ళీ అమ్మాయీ అని పిలిచారు.

“ఊపిరైనా చూడవా, అన్నయ్యా? నువ్వు ఆసుపత్రిలో పనిచేసినవాడివి కదా.”

“అలాగే. నువ్వక్కడే ఉండు.”

దగ్గరికెళ్ళి ఆమెకు వీపు అడ్డం పెట్టి వంగాడు. గురువుగారి కళ్ళు తెరిచే ఉన్నాయి. అతన్ని గుర్తుపట్టాయి కూడా. ఎడమచెయ్యి మెల్లగా లేచి అతని చొక్కా అంచు పట్టుకుంది. మునిగిపోయేవాడి పట్టు. కాంపౌండర్ ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, బొటనవేలికి చూపుడువేలు ఆనించి, చిన్ముద్రలా మోకాలి మీద పెట్టాడు.

“దివ్యంగా ఉంది ఊపిరి,” అన్నాడు వెనక్కొచ్చి.

ఆమె గోడకానుకుని కూర్చుంది. అతను గడియారం చూస్తూ ఉండిపోయాడు. పది. పదిన్నర. పదకొండూ పది.

మరో ఇరవై నిమిషాలు ఆగి అతనే అంబులెన్సుకి ఫోన్ చేశాడు. “రూలు పోతే పోనీ, పాపం నాకే తగలనీ,” అన్నాడు. ఆమె కాంపౌండర్ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, ఎప్పటినుంచి ఇలా ఉన్నారని అడిగింది.

“తొమ్మిదింటికి చూశాను,” అంది కూతురు.

“చూసి ఊరుకున్నారా? అప్పుడే తెస్తే సూదిమందుకి టైముండేదేమో. చదువుకున్నవాళ్ళేగా మీరు?”

“నేనే ఊరుకున్నాను. తప్పు నాదే.” ఆమె కాంపౌండర్ వైపు వేలెత్తలేదు.

గురువుగారు బతికారు. కుడివైపు పడిపోయింది, మాట పోయింది, వినికిడీ తెలివీ మాత్రం మిగిలాయి. మందిరం కాంపౌండర్ చేతికొచ్చింది, కూతురే బతిమాలి అప్పజెప్పింది. రోజూ ఒళ్ళు తుడుస్తూ ఆయన చెవిలో మెల్లగా పాఠం చెప్పేవాడు. “ఈ ఒళ్ళు నువ్వు కాదురా అనేవారుగా. ఇప్పుడెలా ఉంది గురువుగారూ, తేలిగ్గా ఉందా?”

రెండో నెలలో కూతురు పలకా సుద్దముక్కా తెచ్చింది. శిష్యులంతా చుట్టూ చేరారు. “ఎడమచెయ్యి బాగానే ఉంది కదా, నాన్నా. ఏం కావాలో రాయి.”

కాంపౌండర్ ఆ సుద్దముక్క వైపే చూశాడు. వార్డులో ఇలాంటివాళ్ళని చూశాడు. కొందరికి మాటతోపాటు రాతా పోతుంది. కొందరికి పోదు.

గురువుగారు చెమటలు కక్కుతూ గీశారు. ఒక వంపు, ఇంకో వంపు, మీద ఒక చుక్క. ఏ అక్షరమూ కాదది. ఆయన అది చూసుకుని, సుద్దముక్క ఎత్తి కాంపౌండర్ వైపు చూపించారు. మళ్ళీ మళ్ళీ చూపించారు. కంట్లోంచి నీళ్ళు కారాయి.

“ఏమంటున్నారు, అన్నయ్యా?”

కాంపౌండర్ పలక అందుకుని కళ్ళకద్దుకున్నాడు. “ఓంకారం రాశారమ్మా. అందరికీ చూపించమంటున్నారు.”

పద్నాలుగు మందీ చేతులు జోడించారు. కూతురు తండ్రి పాదాల మీద తల పెట్టి, “చేరుకున్నావు కదా, నాన్నా, నన్ను క్షమించినట్టేగా,” అంది.

గురువుగారు సుద్దముక్క విసిరికొట్టారు. కాంపౌండర్ దాన్ని ఏరి తెచ్చి, ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.