మగ్గుతో పోసిన గాలి

మా ఇంట్లో ఇద్దరు తమ్ముళ్లు, ఒక అక్వేరియం, ఒక అక్క. ఆ అక్కను నేనే. ఇంటికి పెద్దను కూడా నేనే, ఎందుకంటే ఆ ఇద్దరికీ ఒళ్లు పెరిగింది గాని బుద్ధి పెరగలేదు.

నిన్న సాయంత్రం ఈదురుగాలికి వీధి మొదట్లో స్తంభం విరిగి కరెంటు పోయింది. నా కుట్టుమిషను కాలితో తొక్కేది, కాబట్టి నాకొచ్చిన నష్టమేమీ లేదు. గండమంతా చిన్నాడి చేపలకే. హాల్లో గోడ పొడవునా ఉన్న గాజుతొట్టెలో వాడి గోల్డ్‌ఫిష్‌లున్నాయి. అవి కొని తెచ్చినవి కావు. గుడ్ల నుంచి పిల్లల్ని తీయించి, గోరంత వాటిని అరచేయంత చేశాడు. రోజంతా పెయింట్ల కొట్టులో రంగులు కలిపి ఇంటికొచ్చి, మాతో రెండు మాటలు మాట్లాడనివాడు వాటితో మాత్రం ఊసులాడతాడు. అవి పోతే వీడేమైపోతాడోనని నాకు నిజంగానే భయం.

గాలి పంపు ఆగిపోతే నీళ్లలో చేపలకు ఊపిరాడదు. తెల్లారేసరికి అన్నీ పైకి తేలి, నోళ్లు తెరుచుకుని గాలికోసం గుటకలు వేస్తున్నాయి. చిన్నాడు ఎవరినీ అడక్కుండా పెద్దాడి వ్యాను బ్యాటరీ ఊడదీసుకొచ్చి, దానికొక బుల్లి పంపు తగిలించాడు. పెద్దాడి బతుకంతా ఆ వ్యానే. షాపులకు సరుకు వేస్తాడు. పొద్దున్నే తాళం తిప్పితే అది కిక్కురుమనలేదు. బానెట్ ఎత్తి చూసుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది కొట్లాట అంటే తక్కువ చేసినట్టే.

“దొంగ వెధవా! నా పొట్ట కొడతావురా?” అంటూనే పెద్దాడు వాడి దవడ మీద గుద్దాడు. పన్ను ఊడి టేబుల్ కిందికి దొర్లింది.

“ఒక్క పూట ఆగలేవా? ఇక్కడ ప్రాణాలు పోతున్నాయి!” అని చిన్నాడు నెత్తురు ఉమ్ముతూ, చేపలు పట్టే వల కర్రతో అన్న ముఖాన అడ్డంగా బాదాడు. కనుబొమ్మ చిట్లింది. పెద్దాడు వాడి జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. చిన్నాడు అన్న ముంజేతిని కరిచి వదల్లేదు. నేను బట్టలు కొలిచే బద్ద తీసుకుని ఇద్దరినీ వీపులు చిట్లేలా బాదాను. బద్ద విరిగింది గాని వాళ్లు విడిపోలేదు. చివరికి పెద్దాడు వాడి కుడిచెయ్యి మెలితిప్పి టేబుల్ అంచుకేసి వంచాడు. ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. చిన్నాడు ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు.

పెద్దాడు బ్యాటరీ వైర్లు పెరికేశాడు. చిన్నాడు వేలాడుతున్న చేతిని పొట్టకు అదుముకుని, ఎడమచేత్తో మగ్గు అందుకున్నాడు. తొట్టెలో నీళ్లు ముంచి, ఎత్తునుంచి మళ్లీ తొట్టెలోకే పోస్తున్నాడు. అలా పోస్తే నీళ్లతోపాటు గాలి లోపలికి పోతుందట. ఎడమచేత్తో సగం నీళ్లు నేలమీద ఒలకబోస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. మగ్గు లాక్కుని పెద్దాడి ఛాతీకేసి కొట్టాను.

“వాడి చెయ్యి విరగ్గొట్టావుగా! ఇక ఆ చేతి పని నువ్వే చెయ్యి. నేను వీణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లి వచ్చేలోగా ఒక్క చేప చచ్చిందో, ఈ ఇంట్లో నీకు ముద్ద పుట్టదు!”

పెద్దాడికి కోపం ఎంత త్వరగా వస్తుందో అంత త్వరగా చల్లారుతుంది. విరిగిన చేతివంక ఒకసారి చూసి, మగ్గు అందుకుని పోయడం మొదలుపెట్టాడు.

మా వాళ్లకొక మాయదారి అలవాటుంది. తన్నుకున్నాక వారాల తరబడి ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఉప్పు కావాలన్నా నాద్వారానే అడగాలి. ఇద్దరి మధ్యా రాయబారాలు నడిపి నడిపి నాకు విసుగు పుట్టింది. మెట్లు దిగుతూ చిన్నాడు మళ్లీ అదే మొదలుపెట్టాడు.

“అక్కా, మీ పెద్ద తమ్ముడికి చెప్పు. కరెంటొచ్చినా తొట్టెలో నీళ్లు వడగట్టే ఫిల్టరు వెయ్యొద్దని. నిన్నటినుంచి ఆగి ఉంది కదా, లోపల మురుగు కుళ్లి విషమైపోయుంటుంది. కడక్కుండా వేస్తే అదంతా తొట్టెలోకి కక్కుతుంది.”

“నీ నోరేమైనా తాకట్టు పెట్టావా? వెళ్లి నువ్వే చెప్పు.”

చిన్నాడు రెండు మెట్లు వెనక్కి ఎక్కాడు. తలుపులోంచి పెద్దాడి వీపు కనిపిస్తోంది. మగ్గు లేస్తోంది, దిగుతోంది. చిన్నాడి పెదాలు కదిలాయి గాని మాట బయటికి రాలేదు.

“ఇవాళ కరెంటు రాదులే,” అని దిగి వచ్చేశాడు. నేనూ పంతానికి పోయి ఊరుకున్నాను.

చేతికి కట్టు వేయించుకుని మేం తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఫ్యాను తిరుగుతోంది. ఇంట్లో లైట్లన్నీ పట్టపగలే వెలుగుతున్నాయి. తొట్టెలో నీళ్లు బురదరంగులో ఉన్నాయి. చేపలన్నీ పొట్టలు పైకిపెట్టి తేలుతున్నాయి. పెద్దాడు ఇంకా పోస్తూనే ఉన్నాడు. కనుబొమ్మ మీది నెత్తురు ఎండి చెంపకంటుకుపోయింది, చొక్కా మొత్తం తడిసింది.

“ఒక్కటీ చావలేదక్కా, కరెంటొచ్చేదాకా ఒక్కటీ చావలేదు. రాగానే సంతోషం పట్టలేక స్విచ్‌లన్నీ వేశాను. ఆ ఫిల్టరు నల్లగా కక్కింది. ఆపేశాను గాని...”

చిన్నాడు కట్టు వేసిన చేత్తోనే అన్న నోటిమీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఇంకా ఆరని పిండికట్టు పగిలి పెచ్చులూడింది. పెద్దాడి పెదవి తెగి నెత్తురు గడ్డం మీదుగా కారింది. వాడు మగ్గు వదల్లేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు.

“కొట్టు. తెలియక చేశాన్రా,” అన్నాడు. మరో దెబ్బ తిని, “నీకు తెలుసా, అది విషమని?” అని అడిగాడు.

చిన్నాడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“తెలుసు,” అన్నాడు.

అన్ని దెబ్బలకూ కదలని పెద్దాడు ఆ మాటకు తొట్టె ముందే కూలబడ్డాడు. మెట్ల మీద ఆ సంగతి నేను కూడా విన్నానని మాత్రం చెప్పలేదు.