తలుపు ఎవరు తెరవాలి?

"మా అన్న తలుపు కొట్టి కొట్టి చచ్చిపోయాడు. ఆ తలుపు ఎవరు తెరవాలి? నాకు జవాబు కావాలి."

కత్తెరక్క తెర మీది ఆ మాటలు చదివి, మౌస్ మీద చెయ్యి ఉంచి ఆగిపోయింది. వెనకనుంచి సూపర్‌వైజరు గొంతు వినిపించింది.

"ఏమ్మా, అలా చూస్తావేంటి? తీసెయ్."

"ఇందులో తిట్టు లేదు సార్. అబద్ధమూ లేదు. అడుగుతోంది, అంతే."

"ఆధారం లేని ఆరోపణ కింద తీసెయ్. పైనుంచి చెప్పారు."

"మరి దీని కింద ఎవడో 'తాగి పడిపోయి ఉంటాడు, పీడ విరగడైంది' అని రాశాడు. అదో?"

"అది అభిప్రాయం. ఉండనీ. అంతా సాఫీగా పోవాలమ్మా, సాఫీగా."

ఈ ఒక్క ముక్క పొద్దస్తమానం అంటుంటాడు గనకే హాల్లో అందరూ ఆయన్ని సాఫీసారు అనేవాళ్లు. కత్తెరక్క నొక్కింది. చెల్లెలి మాట మాయమైంది. చచ్చినవాడి మీద పడ్డ తిట్టు మాత్రం అలాగే మిగిలింది.

అది ఫోన్లో నొక్కితే సరుకు గుమ్మంలోకి తెచ్చిచ్చే కంపెనీ. ఊరి చుట్టూ దాని గోడౌన్లే. 'అందరి మాట' అనే చర్చావేదిక కూడా దానిదే. జనం అందులో చేరి యంత్రాల గురించి, ఓట్ల గురించి, వీధివీధినా కెమెరాలు పెట్టేవాళ్ల గురించి జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లు. విద్యార్థి ఒకటంటే ఇంజనీరు ఇంకోటనేవాడు, మధ్యలో దుకాణంవాడు దూరి ఇద్దర్నీ కడిగేసేవాడు. ఈ గోలలో ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చడానికి ఆ హాలునిండా మనుషుల్ని కూర్చోబెట్టింది కంపెనీ. అందరికంటే చురుగ్గా తీసేస్తుందని తోటివాళ్లు ముద్దుగా పెట్టిన పేరు కత్తెరక్క. మొదట్లో ఆ పేరు విని మురిసిపోయేది.

ఈమధ్యనే ఒక గోడౌన్లో మంటలు లేచాయి. సరుకు దొంగలపాలు కాకుండా కంపెనీ తలుపుల తాళాలు కంప్యూటరుకి అప్పగించింది. పనివేళ ముగిసేదాకా తలుపు తెరుచుకోదు. పొగ కమ్మినా తెరుచుకోలేదు. బరువులు దించే సందులోంచి చాలామంది పాక్కుంటూ బయటపడ్డారు. వెనక గదిలో పెట్టెలు కట్టే ఒకతను మాత్రం లోపలే ఉండిపోయాడు. కంపెనీ ఒక ప్రకటన పడేసి చేతులు దులుపుకుంది: 'ఇది సాంకేతిక లోపం. ఇందులో ఏ వ్యక్తి బాధ్యతా లేదు.'

చెల్లెలు మళ్లీ రాసింది. కత్తెరక్క మళ్లీ తీసేసింది. ఆమె రాయడమూ, ఈమె చెరపడమూ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎరగరు. అయినా రోజంతా ఒకరితో ఒకరు పెనుగులాడుతున్నట్టే ఉంది. కత్తెరక్కకి కుర్చీలో కుదురు లేకుండా పోయింది.

ఆ సాయంత్రం ఇంకో మాట ఆమె తెర మీదికి వచ్చింది. 'కత్తి కోసిందని కత్తిని జైల్లో పెడతామా? యంత్రానికి పగా ప్రేమా ఉండవు. జాగ్రత్తగా ఉండని మనిషిదే తప్పు.' రాసినవాడు పెట్టుకున్న పేరు 'వెలుగుబాట'. కత్తెరక్క మళ్లీ చదివింది. ఈ కత్తి మాట ఆమె ఇంట్లో వందసార్లు విన్నదే. ఆమె మొగుడు కంప్యూటరు శిక్షణ కేంద్రంలో పాఠాలు చెబుతాడు. టెక్నాలజీని ఎవరైనా పల్లెత్తు మాట అన్నారా, ఈ కత్తి తీస్తాడు.

ఇంటికి వెళ్లేసరికి అతను ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"వెలుగుబాట మీరేనా?"

అతను తలెత్తి నవ్వాడు. "కనిపెట్టేశావే! ఎలా ఉంది, నా వాదన?"

"కత్తిని జైల్లో పెట్టం, నిజమే. పట్టుకున్నవాణ్ణి పెడతాం కదా?"

"ఇక్కడ పట్టుకున్నవాడెవడు? అది ప్రోగ్రాము. లెక్క ప్రకారం పోతుంది."

"మనిషి లోపలుండగా తాళం వెయ్యమని ఆ లెక్క రాసిందెవరు? రాయించిందెవరు? మంటలొస్తే ఏం చెయ్యాలో అందులో రాయకుండా వదిలేసిందెవరు? అందరూ మనుషులే కదండీ."

అతను కత్తి పక్కన పడేశాడు. ఆపైన కోపం ముంచుకొచ్చింది. "పొద్దున్నించీ ఆ పిల్ల నోరు నొక్కి వచ్చింది నువ్వు! నాకా నీతులు చెబుతున్నావ్?"

ఆ మాట సూటిగా తగిలింది. ఆ పూట ఇద్దరూ ఎడమొహం పెడమొహంగానే తిన్నారు.

మర్నాడు ఆఫీసు గేటు దగ్గర కలకలం. బట్టల ఫ్యాక్టరీలో మిషను తొక్కే ఒక మనిషి, సూదులు గుచ్చుకున్న వేళ్లతో కటకటాలు పట్టుకుని ఊపేస్తోంది. జుట్టు రేగిపోయింది. గొంతు మాత్రం స్థిరంగా ఉంది.

"నా మాటలు చెరిపేది ఎవరు? బయటికి పిలవండి."

"ఎవరూ లేరమ్మా," అన్నాడు కాపలావాడు. "కంప్యూటరు. దానంతటదే చెరిపేస్తుంది. నువ్వెళ్లు."

డ్యూటీకి వస్తున్న కత్తెరక్క అక్కడే నిలబడిపోయింది. తలొంచుకుని లోపలికి పోవచ్చు. రోజూ అదే చేస్తోంది. ఇవాళ ఆమె దగ్గరికి వెళ్లింది.

"కంప్యూటరు కాదమ్మా. నేను."

చెల్లెలు గిర్రున తిరిగింది. కొట్టడానికే చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. "ఎందుకు?"

"చెప్పారు, చేశాను."

"ఆ తలుపుకి నోరుంటే అదీ ఇదే మాట అంటుంది!"

కత్తెరక్క పైకి వెళ్లలేదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, గోడ నీడన కూర్చోబెట్టింది. అన్న ఎలాంటివాడో చెల్లెలు చెప్పింది. పెట్టెలు కడుతూ ఈలలు వేసేవాట్ట. సినిమా పాటలన్నీ అపస్వరమేనట. చెల్లెలు నవ్వబోయి ఏడ్చేసింది.

"ఇలా ఒక్కదాన్నే రాస్తూ ఉంటే ఏమవుతుందక్కా?"

"ఒక్కదానివే ఎందుకు? మీ అన్నతో పనిచేసినవాళ్ల దగ్గరికి నన్ను తీసుకెళ్లు."

ఆదివారం గోడౌన్ ఎదుటి టీకొట్టు కిటకిటలాడింది. పెట్టెలు కట్టేవాళ్లు, బళ్లు నడిపేవాళ్లు, ఊడ్చేవాళ్లు. హాలు నుంచి కత్తెరక్క ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చింది. ఒకడు లా చదువు సగంలో మానేసి ఈ పనిలో చేరినవాడు, అందరూ లాయరు అంటారు. ఇంకొకామె కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి, నిండు గర్భిణి.

వీళ్లను చూడగానే సామాన్లు ఎక్కించే మేస్త్రి మండిపడ్డాడు. "ఫ్యాను కింద కూర్చుని మా చావు తుడిచేసేవాళ్లు! ఇక్కడేం పని మీకు?"

"తుడిచాం," అంది కత్తెరక్క. "కాదన్ను. ఇంక తుడవకూడదనే వచ్చాం."

లాయరు బల్లెక్కాడు. "చూడండి, వేదిక మీద వాదన నడవాలి. యంత్రాలకి చట్టం కావాలి, కంపెనీకి బాధ్యత కావాలి. మనం వేలమందిమి రాశామంటే ప్రభుత్వం దిగొస్తుంది."

"రాస్తే చెరిపేది నువ్వే కదరా నాయనా!" అన్నాడు మేస్త్రి. కొట్టంతా గొల్లుమంది. లాయరు కూడా నవ్వేసి బల్ల దిగాడు.

నవ్వు సద్దుమణిగాక కిటికీ పక్కమ్మాయి మెల్లగా అడిగింది. "మేం చెరపకపోతే?"

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె తన మాటకు తనే బెదిరిపోయింది. "కానీ నాకు భయంగా ఉంది. కాన్పు దగ్గరపడింది. మా ఆయన పని పోయింది. నన్నూ తీసేస్తే మేమెక్కడికి పోవాలి?"

ఆ భయం ఎరగనివాడు అక్కడెవడూ లేడు. వెనక బెంచీ మీంచి ఊడ్చే పెద్దమ్మ లేచింది.

"బిడ్డా, మంటలప్పుడు ఆ సందులోంచి నన్ను లాగింది వీళ్లు. ఎవడికి వాడు పరిగెత్తి ఉంటే నేనూ అక్కడే కాలిపోయేదాన్ని. నిన్ను తీసేస్తే మేం పెట్టె ముట్టుకోం. ఏరా, ముట్టుకుంటామా?"

"ముట్టుకోం!"

"నోట్లో గొణక్కండిరా, రోడ్డు మీదికి వినబడాలి!"

"ముట్టుకోం!"

మేస్త్రి కత్తెరక్క ముందుకొచ్చి గరుకు చెయ్యి చాపాడు. "మీరు మా నోటికి అడ్డం తప్పుకోండి. మేం మీకు అడ్డం నిలబడతాం. మళ్లీ మాట తప్పారో, నీ హాల్లోకొచ్చి నిలదీస్తా." ఆమె ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ రాత్రే ముగ్గురూ ఫోన్లు చేసి హాలువాళ్లని ఒప్పించారు. సోమవారం పొద్దున్న హాల్లో అందరూ ఎప్పటిలాగే కూర్చున్నారు. తెరలు వెలిగాయి. చేతులు మాత్రం ఒళ్లోనే ఉన్నాయి. ఒకాయన లేచి "నా వల్ల కాదు" అని వెళ్లిపోయాడు. మిగతావాళ్లు కదల్లేదు. సాఫీసారు వరసల మధ్య కాలుకాలిన పిల్లిలా తిరిగాడు.

"ఏంటమ్మా ఇది? నొక్కండి! అయ్యో, అదిగో, అది అందరికీ కనబడిపోయిందే! నా పిల్లల మొహం చూసైనా నొక్కండమ్మా!"

"మీరూ కూర్చోండి సార్," అంది కత్తెరక్క. "మీరూ జీతగాళ్లే కదా."

చెల్లెలి ప్రశ్న తెర మీద నిలబడింది. దాని కింద ఎక్కడెక్కడివాళ్లో రాయడం మొదలుపెట్టారు. 'మా గోడౌన్లోనూ అదే తలుపు. మొన్న ఒకామె కళ్లు తిరిగి పడిపోతే తెరుచుకోలేదు.' 'నేను ఆ ప్రోగ్రాము రాసినవాళ్లలో ఒకణ్ణి. మంటల సంగతి ముందే అడిగాను. అనవసరపు ఖర్చన్నారు.' 'మేం కాలేజీ విద్యార్థులం. ఎక్కడికి రమ్మంటారు?' కంపెనీ తరఫున దిగినవాళ్లూ తగ్గలేదు. 'ఉద్యోగాలిచ్చే చెయ్యి కరుస్తారా?' అన్నారు. ఈసారి వాళ్లకి జవాబు దొరికింది. 'కరవడం లేదు, తలుపు మీంచి ఆ చెయ్యి తియ్యమంటున్నాం.'

మధ్యాహ్నానికి ఒక మాట కనబడింది. 'కత్తి గురించి రాసింది నేనే. పిల్లలకి పాఠం చెప్పేవాణ్ణి, ఇంత చిన్న సంగతి ఆలోచించలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. రేపట్నుంచి నా క్లాసులో మొదటి ప్రశ్న: ఈ యంత్రాన్ని ఎవరు చేయించారు, ఎవరి కోసం?' కింద తన అసలు ఫోటో పెట్టాడు. కత్తెరక్క కళ్లు తుడుచుకుని పక్కకు చూసింది. మొగుడు తప్పొప్పుకోవడం ఆమె పెళ్లయ్యాక ఇదే చూడ్డం.

అంతలో మేనేజరు దిగొచ్చాడు. "మీరెంత బాధ్యతారహితంగా ప్రవర్తిస్తున్నారో తెలుసా?"

"బాధ్యత ఎవరిదో తేలాలనే సార్ ఆగాం," అందామె. "మీదని మీరు రాయండి. ఇప్పుడే పని మొదలెడతాం."

ఆయన మొహం జేవురించింది. ఫోన్ తీసి ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడాడు. తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. వేదికనే మూసేశారు. ఆపైన పోలీసులొచ్చారు. పుకార్లు వ్యాపింపజేశారు, కంపెనీకి నష్టం కలిగించారు అని చెప్పి కత్తెరక్కనీ లాయర్నీ పట్టుకున్నారు. కిటికీ పక్కమ్మాయి లేచి అడ్డం నిలబడింది. ఆ పొట్ట చూసి పోలీసు వెనక్కి తగ్గాడు గాని ఆమె తగ్గలేదు. జీపు దాకా కత్తెరక్క కొంగు పట్టుకునే నడిచింది. ఆ వెనకే హాలంతా మెట్లు దిగింది.

స్టేషన్లో ఎస్సై కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మీ వెనకెవరున్నారు? ఏ పార్టీ? పేర్లు చెప్పు, ఇంటికి పోదువుగాని."

"తలుపు వెనక ఒకతను ఉండేవాడు సార్. ఆయన గురించి మిమ్మల్నెవరూ అడగలేదా?"

ఎస్సై లాఠీతో బల్ల మీద కొట్టాడు. ఆమె ఉలిక్కిపడింది. భయం ఉంది, లేకపోవడమేం. కానీ నిన్నటిదాకా లోపల తొలిచిన ఆ కుదురులేనితనం మాత్రం ఎటో పోయింది.

అప్పుడే బయట నుంచి హోరు వినిపించింది. ఎస్సై కిటికీ దగ్గరికి వెళ్లి అలాగే ఉండిపోయాడు. రోడ్డునిండా జనం. ముందు చెల్లెలు, ఆ పక్కనే మేస్త్రి. వాళ్ల వెనక పెట్టెలు కట్టేవాళ్లు, హాలువాళ్లు, పుస్తకాల సంచులతో విద్యార్థులు. కత్తెరక్క మొగుడు ఏదో బరువు మోస్తూ చొక్కా తడిసి ముద్దయి ఉన్నాడు. వాళ్లు మోస్తున్నవి జెండాలు కావు. పెద్దపెద్ద ఇనుప తలుపులు. ఒక్కో తలుపుకి ఎందరో భుజాలు. గోడౌన్లన్నిటి తలుపులూ బందుల నుంచి ఊడబీకి తెస్తున్నారు.

"ఏంట్రా ఇది! కంపెనీ ఆస్తి!" కిటికీలోంచే అరిచాడు ఎస్సై.

"అవును సార్, తలుపులే!" మేస్త్రి అంతకంటే గట్టిగా అరిచాడు. "మావాణ్ణి చంపింది మనిషి కాదు, తలుపేనని కంపెనీ రాసిచ్చిందిగా! అందుకే తెచ్చాం. అరెస్టు చెయ్యండి!"

తలుపు తర్వాత తలుపు స్టేషన్ మెట్ల ముందు దభాలున పడింది. ఇనుము మోగిన ప్రతిసారీ జనం గొంతు కలిపారు. చెల్లెలు ఆ కుప్ప మీదికెక్కి నిలబడింది.

"వీటిని లోపలెయ్యండి, లేదా వీటికి తాళం వేయించినవాణ్ణి లోపలెయ్యండి! మా అక్కనీ లాయర్నీ మాత్రం బయటికి పంపండి! అప్పటిదాకా ఈ ఊళ్లో ఒక్క పెట్టె కదలదు!"

"కదలదు!" అంది రోడ్డంతా.

లోపల కత్తెరక్క కిటికీ దగ్గరికి వచ్చి, ఊచల్లోంచి చెయ్యి బయటికి చాచి, పిడికిలి బిగించి, వాళ్లతో పాటే అరిచింది.