సులోచన సీట్ల నాగేశం

పొద్దుగూకక ముందే సులోచన మూడు జాగలు మారింది. ముందుగాల మంచం మీద, తర్వాత ప్లాస్టిక్ కుర్చీల, మళ్ల మంచం మీద గోడకు ఆనుకొని. ఏ జాగల కూసున్నా కట్టు లోపల కాలు దురద పెడుతనే ఉంది. ఎదురుంగ టీవీల బ్యాంకాక్‌ల ఒక పెద్ద హాలు, దాని ముందల జెండలు పట్టుకొని ఎగురుతున్న జనం. పోటీ ఇంకా మొదలుగాలేదు.

"గట్ల కదులుతుంటే ఎముక ఎట్ల అతుకుతది బిడ్డా?" అన్నది అత్త లచ్చవ్వ, కింద కూసొని చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంట.

"ఎముకకు ఏంగాదు అత్తా. నాకే పాణం ఒక్కతాన నిలుస్తలేదు."

అసలైతే సులోచన గా హాల్లనే ఉండాలె.

సిద్దిపేటల మెదక్ రోడ్డు మీద వాళ్లకు విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. ముందల దుకాణం, ఎన్క ఇల్లు. కొన్నేండ్ల కింద ఒకనాడు మధ్యాహ్నం గిరాకి లేక కౌంటర్ల కూసొని ఫోన్ చూస్తుంటే ఒకామె పాట వచ్చింది. ఏ భాషనో తెల్వదు, ఏ దేశమో తెల్వదు. పాట అయిపోయినంక సులోచన యూరియా బస్తాల దిక్కు చూసుకుంట చానసేపు అట్లనే ఉండిపోయింది. అది ఆసియా దేశాల పాటల పోటీ అని తర్వాత తెలిసింది. ఏడాదికొకసారి ఒక్కో దేశం నుంచి ఒక్కరు వచ్చి పాడుతరు, జనం ఓట్లేస్తరు, పాయింట్లు ఎక్కువ వచ్చినోళ్లు గెలుస్తరు. గప్పటి నుంచి సులోచన ఒక్క ఏడు సుత ఇడువలేదు. ఫోన్‌ల అభిమానుల గ్రూపు ఒకటుంటే అండ్ల చేరింది. గండ్ల కజకిస్తాన్ టీచరమ్మ ఉంది, మలేషియా ముసలాయన ఉన్నడు, మనీలాల నర్సు పని జేసే జోయల్ అనే పిలగాడున్నడు. సులోచనకు ఇంగ్లీషు అంతగనం రాదు. తెలుగుల రాసి ఫోన్‌తోనే మార్పిచ్చి పంపుతది. ఎవల పాట బాగుంది, ఎవల గొంతు తేలిపోయింది అని వాళ్లతోని రోజుల తరబడి కొట్లాడుతది.

ఇంట్ల దీన్ని ఎవలు పట్టిచ్చుకోలేదు. "మీ అమ్మకు దేశాల పిచ్చి వట్టింది" అని మొగడు నాగేశం బిడ్డ అనూహ్యతోని నవ్వుకుంట అనేటోడు.

ఈ ఏడు నాగేశం దుకాణంల సరుకు మస్తుగ పోయింది. విత్తనాల కంపెనీ మంచిగ అమ్మిన డీలర్లను బ్యాంకాక్ తీస్కపోతమన్నది. ఎప్పుడైనా నాగేశం, కొండపాక డీలరు ఐలయ్య జోడుగ పోతరు. ఈసారి భార్యలను సుత తోల్కరావచ్చన్నరు. తారీఖులు చూస్తే పోటీ జరిగే వారమే, గా ఊర్లనే. సులోచనకు అరచేతుల్ల చెమటలు వట్టినయి. హైదరాబాద్‌ల సదువుకుంటున్న అనూహ్య ఆన్‌లైన్‌ల దేవులాడి ఒక్క టికెట్ దొరకవట్టింది. ఈసారి సులోచన మనసంత కిర్గిజ్‌స్తాన్ పిల్ల ఐజాన్ మీదుంది. ఆమె కోసం ఎర్రబట్ట తెచ్చి, నడుమ పసుపుపచ్చ సూర్యుణ్ని పెట్టిచ్చి ఆ దేశం జెండ కుట్టిచ్చింది.

ఇగ వారం దినాలల్ల పోతదనంగ, వానకు తడిసిన ఖాళీ సంచి మీద కాలు వెట్టి దుకాణం మెట్ల మీద జారింది. మడిమ కాడ ఎముక ఇరిగింది. దవాఖానల కట్టు కట్టి, నెలన్నర కాలు కింద వెట్టొద్దన్నరు. గా రాత్రి సులోచన ఏడ్చింది కాలు నొప్పికి కాదు.

నాగేశం మంచం పక్కన కూసొని, "నేను సుత పోను తియ్" అన్నడు.

"నువ్వు పోవాలె. పోయి నా సీట్ల కూసోవాలె."

"గా పాటలు నాకేం తెలుస్తయే?"

"తెల్వకుంటే చెవులు లేవా? పోయి కూసో. ఎట్లుందో చూసి నాకు చెప్పు. సీటు ఖాళీగుంటే నాకు పాణం ఒప్పదు."

పోయేనాడు ఆమెనే జెండను మడతవెట్టి చేతికిచ్చింది. కారుకాడ నిలబడ్డ ఐలయ్య దాన్ని చూసి గట్టిగ నవ్విండు. "ఏంది నాగేశం, ఎర్రజెండ వట్టినవు? పార్టీ మారినవా ఏంది?" నాగేశం సిగ్గువడి జెండను బ్యాగు అడుగుకు తోసిండు. కిటికిలకెళ్లి సులోచన అది చూసింది.

ఇప్పుడు టీవీల హాలు తలుపులు తెరిచిన్రు. సులోచన ఫోన్ కొట్టింది.

"లోపటికి వోయినవా?"

"వోయిన, వోయిన. ఏ గేటో తెల్వక రెండు సుట్లు తిరిగిన. అందరు పిలగాండ్లేనే. మొకాలకు రంగులు పూసుకున్నరు. నా లెక్క ఇస్త్రీ అంగి తొడుక్కున్నోడు ఒక్కడు లేడు."

"జెండ దీసినవా?"

"తీస్త తియ్, ఆగు."

"ఒక ఫోటో తీసి పంపు."

ఫోటో వచ్చింది. అండ్ల హాలు కప్పు, సగం నాగేశం వేలు ఉన్నయి. సులోచన మళ్ల ఫోన్ చేసి, ఇంకోటి తియ్యమన్నది. రెండోదాంట్ల ముందు సీటాయన తలకాయ ఉంది. మళ్ల చేసింది. స్టేజీ దూరమున్నదా, దగ్గరున్నదా? పక్కన ఏ దేశపోళ్లు కూసున్నరు? చలివెడుతుందా? పాటగాళ్లు కనవడ్డరా? నాగేశం "ఆ", "ఊ" అనుకుంట జవాబిస్తుండు. గప్పుడే ఫోన్‌ల జనం ఒక్కపెట్టున ఒర్లిన్రు. టీవీల మాత్రం ఎవలో ఇంకా మాట్లాడుతనే ఉన్నరు. కాసేపైనంకనే టీవీల లైట్లు ఆరి, గదే ఒర్లుడు ఇనవడ్డది. ఫోన్‌ల ముందొస్తుంది, టీవీల ఎన్కకొస్తుందని సులోచనకు సమజైంది. గది తెలిసినంక ఆమె ఆగం ఇంకెక్కువైంది. తన ఇంట్ల ఇంకా కాని ముచ్చట ఆయనకు గాడ అప్పటికే అయిపోతుంది.

పాటలు మొదలైనయి. మొదాలు ఇండోనేషియా, తర్వాత జపాన్, తర్వాత నేపాల్. లచ్చవ్వ చిక్కుడుకాయలు పక్కకు వెట్టి నేపాల్ పిలగాణ్ని చూసి, "మన దిక్కు పోరని లెక్కనే ఉన్నడు" అన్నది. సులోచన ఒక పాటకు కుర్చీల, ఒక పాటకు మంచం మీద. దువ్వెన పుల్ల కట్టులకు దూర్చి గోక్కున్నది. ఒంటికాలు మీద లేచి కిటికి దాకా ఎగురుకుంట వోయి, మళ్ల వచ్చి కూసున్నది.

నాగేశం తనే ఫోన్ చేసిండు. "ఇది ఎప్పటికైపోతదే?"

"ఎందుకు?"

"కంపెనోళ్ల డిన్నరుంది. ఐలయ్య బస్సు కాడ నిలవడ్డడట. బస్సు వోతే నాకు హోటల్ దారి తెల్వదు."

"ఐజాన్ ఇంకా పాడలేదు. ఆమెది ఆఖరికి ఉంది."

"ఎవలు పాడినా పాటనే గదనే. టీవీల చూస్తున్నవు గద నువ్వు."

సులోచన గొంతు మారింది. "పో. బువ్వకు యాళ్లయితుంది గద, పో. గా సీట్ల కూసునేది నేను. కాలిరిగి ఈడ వడ్డ. నువ్వు రెండు గంటలు కూసోలేకపోతున్నవు."

ఫోన్ వెట్టేసింది. గంత మాట అనకుండా ఉండాల్సిందేమో అనుకున్నది. మళ్ల ఫోన్ తీసింది, కింద వెట్టింది. టీవీల కొరియా పిల్లలు దుంకుతున్నరు. ఆమెకు ఒక్క ముక్క ఇనవడతలేదు. గిప్పుడు లేస్తుండొచ్చు. గిప్పుడు మెట్లు దిగుతుండొచ్చు. సీటు ఖాళీ.

వియత్నాం పాట నడుస్తుండంగ ఫోన్ మోగింది. వీడియో కాల్. తెర మీద నాగేశం మొకం సగమే కనవడుతుంది.

"ఇగో, ఇప్పుడు వచ్చేది నీ పిల్లనేనా? తెల్లటోపి వెట్టుకున్నామె?"

"నువ్వు పోలేదా?"

"మాట్లాడకు, ఇను."

ఆయన ఫోన్‌ను పైకి లేపి వట్టుకున్నడు. సులోచన టీవీ చప్పుడు బంద్ చేసింది. ఫోన్‌ల ఐజాన్ గొంతు వచ్చింది. సాఫుగ రాలేదు. ఎవలో పక్కన ఈలలేస్తున్నరు, నాగేశం దగ్గుతుండు, నడుమనడుమ పాట తెగుతుంది. అయినా అది టీవీల ఇనవడే గొంతు కాదు, గాలిల తిరిగొచ్చిన గొంతు. సులోచన ఫోన్‌ను చెవికి వత్తుకొని కండ్లు మూసుకున్నది. పాట మీదికి ఎక్కేకాడ హాలంత కలిసి పాడింది. ఆ గొంతులల్ల ఒక మొగగొంతు చాన దగ్గరగ, రాగం తప్పి, మాటలు లేకుండ ఊఁ ఊఁ అంటుంది. నాగేశం గొంతు.

గంతల్నే ఫోన్ బందయింది.

టీవీల చూస్తే ఐజాన్ ఇంకా సగం పాటల్నే ఉంది. సులోచన చప్పుడు పెంచి మిగిలిన పాట చూసింది. కెమెరా జనం మీదికి తిరిగితే ఎర్రజెండలు మస్తు కనవడ్డయి. ఏది తనదో పోల్చుకోలేకపోయింది.

నాగేశానికి ఫోన్ చేస్తే స్విచాఫ్. మొదటి నుంచి తనే ఒక్కతీరు ఫోన్‌లు చేసి చార్జింగ్ అంత తాగించిందని అప్పుడు తట్టింది. ఐలయ్యకు చేసింది.

"చెల్లె, మేము డిన్నర్‌కు వచ్చినం. బస్సు ఆగలేదు. నేను నా తిప్పలు వడి వస్త, నువ్వు పో అన్నడు. ఫోన్ ఎత్తుతలేడా?"

"బందుంది అన్నా."

"హోటల్ పేరు రాసి ఉన్న కార్డు సుత నా జేబులనే ఉన్నది చెల్లె. నేనే వట్టుకున్న."

లచ్చవ్వ ఆ మాట ఇన్నది. "నా కొడుకు ఏడున్నడే?" అని లేచి నిలవడ్డది. నాగేశం ఎన్నడు దేశం కాని దేశంల ఒక్కడే తిరిగినోడు కాదు. ఇంగ్లీషు రాదు, షుగరుంది, యాళ్లకు తినకుంటే కండ్లు తిరుగుతయి. టీవీల పాయింట్లు మొదలైనయి. ఐజాన్ పేరు మీదికి పోయింది, మళ్ల కిందికి వచ్చింది. ఏడాది పొడుగూత ఎదురుచూసిన ఘడియ అది. సులోచన దానికి ఈపు వెట్టి కూసున్నది.

గ్రూపు తెరిచింది. నాగేశం ఫోటో, దుకాణం ముందల నిలవడి తీసుకున్నది, వెట్టింది. కింద తెలుగుల రాసి మార్పిచ్చింది: 'ఈయన మా ఆయన. నా సీట్ల కూసున్నడు. ఫోన్ బందయింది, దారి తెల్వదు. హాల్ల ఉన్నోళ్లు ఎవలన్న జర చూడున్రి.' అనూహ్య పంపిన సీటు నంబరు, ఐలయ్యను అడిగి తెలుసుకున్న హోటల్ పేరు కలిపింది.

అందరు పాయింట్ల మీదనే ఉన్నరు. తర్వాత టీచరమ్మ రాసింది, మలేషియా ముసలాయన రాసిండు. జోయల్ రాసిండు: 'అక్కా, నేను హాల్లనే ఉన్న. పోతున్న.'

లచ్చవ్వ గడప కాడికి, మంచం కాడికి తిరుగుతుంది. సులోచన గోడ వట్టుకొని నిలవడ్డది. టీవీల ఎవలో గెలిచిన్రు, రంగు కాయితాలు రాలుతున్నయి. లచ్చవ్వ, "అయిపోయిందా?" అంటే సులోచన, "ఏమో" అన్నది.

ఫోన్ మోగింది. జోయల్ నంబరు. ఎత్తితే నాగేశం.

"ఏమే, ఈ పిలగాడెవలు? సులోచన అక్క, సులోచన అక్క అనుకుంట వచ్చి చెయ్యి వట్టుకున్నడు. నేను గుంజుకున్న."

"ఏడున్నవయ్యా?"

"గేటు బయట గద్దె మీద కూసున్న. కాళ్లు గుంజినయి. ఏమన్న తిందమంటే ఏందేందో అమ్ముతుండ్రు. పిలగాడు రొట్టె ఇచ్చిండు, తింటున్న. హోటల్ దాకా తోల్కపోతనని ఫోన్‌ల తెలుగుల మార్పిచ్చి చూపెట్టిండు."

సులోచన మంచం మీద కూలవడ్డది. లచ్చవ్వ ఫోన్ గుంజుకొని కొడుకును తిట్టింది, తర్వాత ఏడ్చింది, తర్వాత రొట్టెల ఏమున్నదో కనుక్కోమన్నది.

ఫోన్ తిరిగి చేతికొచ్చినంక సులోచన మెల్లగ అడిగింది. "గెలిచిందా?"

"ఎవలు? నీ పిల్లనా? నాలుగో జాగ అన్నడు ఈ పిలగాడు. గెలిచింది వియత్నామోళ్లట. గాని సులోచనా, నీకు ఒకటి చెప్పాలె. నా సీటు పక్కకుండె. స్టేజీ ఎన్కల సందు కనవడ్డది. పాడకముందు గా పిల్ల గాడ నిలవడి అరచేతులు బట్టలకు తుడుసుకుంట, అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. కూసుంటలేదు, నిలుస్తలేదు. ముసలామె ఎవలో నీళ్లిస్తే తాగలేదు. గది చూసినంక నాకు లేవబుద్ధి కాలేదు."

"ఇంకా?"

"ఇంకేమున్నది? తర్వాత పాడింది."

"ముసలామె ఎట్లుండె? అమ్మనా?"

"నాకేం ఎరుక?"

"టోపి ఆమె తనే సదురుకున్నదా, ముసలామె సదిరిందా?"

"అబ్బ, రేపు జెప్త తియ్. పిలగాడు ఆటో మాట్లాడుతుండు."

నాగేశం ఊరికొచ్చిన నాలుగొద్దులకు యాసంగి గిరాకి అందుకున్నది. దౌల్తాబాద్ నుంచి వచ్చిన రైతులు బస్తాల మీద కూసొని, "బ్యాంకాక్ ఎట్లుండె నాగేశం?" అని అడిగిన్రు. ఆయన మక్కల విత్తనాలు పక్కకు వెట్టి పోటీ ముచ్చట ఎత్తుకున్నడు. తెల్లటోపి పిల్ల కజకిస్తాన్‌ది అని చెప్పిండు. ఆఖరికి పాడినందుకే ఓట్లు తక్కువ వడ్డయన్నడు. పాట గిట్లుంటది చూడున్రి అని గొంతు సదురుకొని రాగం తీసిండు. అది జపాన్ పాట.

లోపల మంచం మీదున్న సులోచన ఇదంత ఇనుకుంటనే ఉన్నది. ఒకసారి ఓర్సుకున్నది. రెండోసారి రాగం తీసేటాలకు చేతికర్ర అందుకున్నది.

"కాలు, కాలు!" అని లచ్చవ్వ మొత్తుకున్నది.

సులోచన ఒంటికాలు మీద ఎగురుకుంట దుకాణంలకు వచ్చి, తలుపు చెక్కను ఒక చేత్తోని వట్టుకొని నిలవడ్డది. రైతులు లేచి కుర్చి జరిపిన్రు. ఆమె కూసోలేదు.

"గట్ల కాదు" అన్నది నాగేశంతోని. "నువ్వు జర చప్పుడుజెయ్యకు, నేను జెప్త."