అరగంట ఆగాల్సిందే

కాంతి ఎంత తిరిగిందో కొలిచే పోలారిమీటర్ తెరమీది అంకె నలభై తొమ్మిది దగ్గర నిలిచిపోయింది. అనురాధ గొట్టం కడిగి, కొత్త ద్రావణం పోసి, బుడగ లేకుండా చూసి మళ్ళీ పెట్టింది. అదే అంకె. యంత్రం మీద అనుమానంతో కొలత ముందే తెలిసిన క్వార్ట్జ్ పలక పెట్టి పరీక్షించింది. యంత్రం బాగానే ఉంది. బాగాలేనిది గ్లూకోజ్ పొడే. అసలైన గ్లూకోజ్ కాంతిని యాభై రెండున్నర డిగ్రీలకు పైగా తిప్పాలి. ఇందులో ఏదో కలిసింది.

ఆ పొడితోనే ఈ ఫ్యాక్టరీలో సెలైన్ సీసాలు నింపుతారు. అది కరోనా రెండో విడత. సూరత్ ఆసుపత్రుల్లో మంచాలు దొరకడం లేదు. సీసాల కోసం ఫోన్లు ఆగడం లేదు.

మేనేజర్ హస్ముఖ్‌భాయ్ మాస్కు గడ్డం కిందికి లాగి, "అమ్మోనియా వేయకు," అన్నాడు హిందీలో. "అప్పుడే కరిగించిన గ్లూకోజ్ ఎక్కువ చూపిస్తుంది కదా, మెల్లగా దిగుతుంది. యాభై మూడు దగ్గరికి రాగానే బటన్ నొక్కు. చల్ జాయేగా, సరిపోతుంది."

"దిగేదాన్ని మధ్యలో పట్టుకుంటే అది కొలత కాదు సార్. అమ్మోనియా వేసి, అంకె నిలకడగా నిలిచేదాకా అరగంట ఆగాల్సిందే."

"జనం చచ్చిపోతుంటే నీకు అరగంట కావాలా?"

"వాళ్ళ నరాల్లోకే కదా సార్ ఇది ఎక్కేది!"

అనురాధ గోదాములోకి నడిచి, ప్రతి డ్రమ్ము మీదా 'వాడరాదు' అనే ఎర్ర చీటీ అతికించింది. హస్ముఖ్‌భాయ్ వెనకే వచ్చి చింపేశాడు. "రేపటి నుంచి రావద్దు," అన్నాడు.

సూరత్ శివారు భేస్తాన్‌లోని ఇంట్లో, కరోనాకు మిల్లు మగ్గాలు ఆగి ఖాళీగా ఉన్న తండ్రి సదానందం తల పట్టుకున్నాడు. "జర సర్దుకపోతే ఏమైతుండె బిడ్డా? ఇంట్ల నీ పని ఒక్కటే నడుస్తుంది."

తల్లి భూదేవి కస్సుమంది. "ఏం సర్దుకపోవాలె? ఆ సీసా రేపు నీకే ఎక్కిస్తే? పో బిడ్డా, పొద్దుగాల్నే పో. వాడు రావద్దంటే నువ్వు ఆగుతవా ఏంది?"

పొద్దున్నే అనురాధ ఫ్యాక్టరీ ముందుంది. వాచ్‌మన్ గేటు తీయలేదు. ఫ్యాక్టరీ యజమాని సేఠ్ కారు రాగానే ఆమె దానికి అడ్డంగా నిలబడింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. కదల్లేదు. సేఠ్ అద్దం దించాడు.

"సేఠ్‌జీ, మీ పొడి పాడైంది. నా మాట నమ్మొద్దు. మీ ఎదురుగానే పరీక్ష చేస్తాను. నాది అబద్ధమైతే నేనే వెళ్ళిపోతా."

"హస్ముఖ్ బాగుందన్నాడే?"

"ఆయన్నీ పిలవండి."

ల్యాబులో సేఠ్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అనురాధ పొడి తూచి కరిగించి, అమ్మోనియా చుక్కలు వేసింది. హస్ముఖ్‌భాయ్ మాటిమాటికీ గడియారం చూసుకున్నాడు. అరగంట కాగానే గొట్టం నింపి యంత్రంలో పెట్టింది. ఒకసారి, రెండోసారి, మూడోసారి. నలభై తొమ్మిది.

సేఠ్ స్టూలు మీంచి లేచి, తెర మీదికి వంగి అంకె చదివాడు. "డ్రమ్ములు వాపసు పంపండి," అన్నాడు. హస్ముఖ్‌భాయ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అతని ఉద్యోగానికేమీ కాలేదు. సేఠ్ పోతూ పోతూ అనురాధకే వేలు చూపించాడు. "ఈ మాట బయటికి పోకూడదు. ఇంకోసారి నా కారుకు అడ్డం రాకు."

అనురాధ అతని వైపు తిరిగింది.

"ఇలాంటి పొడి మళ్ళీ వస్తే, మళ్ళీ అడ్డం వస్తా సేఠ్‌జీ."

పనిలోకి రావద్దన్న మాట ఎత్తకుండానే సేఠ్ బయటికి నడిచాడు. తలుపు మూసుకుంది. అనురాధ మాస్కు సరిచేసుకుని, బల్ల మీద వరసగా ఉన్న నమూనాల్లో తర్వాతది అందుకుంది.