రెండు గీతలు, ఒక బొట్టు

మనిషి మొహం చూసి వాడిది ఏ దేశమో, ఏ ఊరో, పొద్దున వాళ్లింట్లో ఏం కూర వండారో కూడా చెప్పగలిగిన మొనగాడు దేవరకొండ నుంచి నార్కట్‌పల్లి దాకా ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడిని నేనే. పేరు బీరన్న. నా అంచనా తప్పిన దినం లేదు.

నార్కట్‌పల్లి దాటాక హైవే పక్కన ఒక పత్తి మిల్లు ఉంది. అందులో హమాలీగా చేరిన రోజే, నాతో పాటు బస్తాలు మోసే హనుమంతును చూసి, "గీయన పక్కా బీహారోడు" అని అందరి ముందు తేల్చేశాను. మెడలో గళ్ల తువ్వాల, నోట్లో హిందీ పాట. ఇంకేం సాక్ష్యం కావాలి. ఆయన లారీ ఖాళీ అయ్యేదాకా ఏమీ అనలేదు. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"నువ్వు జానమ్మ కొడుకువు గదరా. మీ అమ్మ నాకు వరుసకు అక్క. నిన్ను తొట్లెల ఏసిననాడు నేను ఆడనే ఉన్న. మేనమామనే గుర్తు పట్టకపోతివి, దేశాలేం గుర్తు పడ్తవు?"

మిల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. అమ్మ పోయింది. బాపు మందను తోలుకుని మేత కోసం కృష్ణ ఒడ్డుకు పోయాడు. మిల్లు వెనక రేకుల షెడ్డులో నాకు తోడుండేది పత్తి దుమ్ము ఒక్కటే, అది కూడా పిలిస్తే పలకదు. చుట్టూ నవ్వే మనుషులుంటే చాలు, నవ్వు నా మీదనైనా సరే అనుకునే రోజులవి.

అప్పుడు రోమెన్ వచ్చాడు. వెడల్పు మొహం, చిన్న కళ్లు, భుజాన ఒక సంచి. నేను ఒక్క చూపు చూసి, "చైనా" అన్నాను. అతను తల అడ్డంగా ఊపి, "అస్సాం. కోక్రాఝార్," అన్నాడు. అస్సాం ఎక్కడుందో నాకు తెలియదు. అందుకని చైనాలోనే ఉందని నిర్ణయించాను.

అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను. వాడి సంచిలో వైర్‌లెస్ సెట్టు ఉందన్నాను. నార్కట్‌పల్లి చౌరస్తాలో ఎన్ని లారీలు ఆగాయో రోజూ చైనా మిలిటరీకి చెబుతాడన్నాను. మన మిర్చి బజ్జీ కారం ఎంతుంటుందో కూడా వాళ్లు రాసుకున్నారన్నాను. మొహం కదలకుండా చెప్పేవాణ్ణి. మొదట నవ్వారు. తర్వాత కొందరు నవ్వడం మానేసి రోమెన్ సంచి వైపు చూడడం మొదలుపెట్టారు. ఆ తేడా నేను గమనించలేదు.

తమాషా ఏమిటంటే, రోమెన్‌కు జోడీని నేనే. పత్తిగింజల బస్తాను ఎంత బలవంతుడైనా తన వీపు మీదికి తాను ఎత్తుకోలేడు. వెనక నుంచి ఇంకొకరు ఎత్తి మోపాలి. అందుకే మిల్లులో ప్రతి హమాలీకి ఒక జోడీ ఉంటాడు. నా వీపుకు రోమెన్, రోమెన్ వీపుకు నేను. బస్తా మోపేటప్పుడు అతను ఒక్క క్షణం అరచేయి నా నడుముకు ఆనించి, నేను నిలదొక్కుకున్నాకే వదిలేవాడు. మిల్లులో ఇంకెవరూ అలా ఆగరు.

ఒకరోజు మధ్యాహ్నం అతని అంగీ ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. నా సంచిలో జాజు గడ్డ ఉంది. గొర్రెలు మేపే ఇళ్లన్నింట్లో ఉండే ఎర్రమట్టి గడ్డే అది. మందలు కలిసిపోయినప్పుడు ఎవరి జీవాలు ఎవరివో తెలియడానికి వీపుల మీద జాజుతో ఇంటి గుర్తు వేస్తారు. మా ఇంటి గుర్తు రెండు గీతలు, మధ్యలో ఒక బొట్టు. జాజును తడిపి అంగీ వీపు మీద గీసేశాను. సాయంత్రం దాకా మిల్లంతా నవ్వుతుందని లెక్క వేసుకున్నాను. రోమెన్ చూసుకోకుండా అంగీ తొడుక్కుని పనిలోకి వచ్చాడు.

ఎవరూ నవ్వకముందే మిషన్ దగ్గర కేక వినబడింది.

మిషన్‌కు పత్తి అందించే నవనీత చున్నీ బెల్టులో పడింది. బెల్టు ఆమెను మెడ పట్టి లాగుతోంది. ఆ బెల్టుకు అడ్డంగా ఇనుప జాలీ ఉండాలి. పోయిన సీజన్‌లో విరిగిపోతే మళ్లీ బిగించలేదు. మేమంతా నోళ్లు తెరిచి చూస్తున్నాం. రోమెన్ ఒక్కడే పరుగెత్తి స్విచ్ కొట్టాడు. మిషన్ ఆగింది. నవనీత కింద కూలబడి దగ్గుతోంది. మెడ చుట్టూ ఎర్రగా కమిలిపోయింది.

లేబర్ కాంట్రాక్టర్ విజేందర్ వచ్చాడు. మా పక్క మండలం మనిషే, మన యాసే, కాబట్టి మనవాడని మేమంతా అనుకునేవాళ్లం. వచ్చీ రాగానే రోమెన్ చెంప మీద కొట్టాడు.

"నన్ను అడగకుంట మిషన్ బంద్ చేయనీకి నువ్వెవనివిరా?"

రోమెన్ బెల్టు వైపు చూపించి, "జాలీ లేదు. జాలీ పెట్టు," అన్నాడు. వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో ఆ రెండు మాటలు చక్కగా పలికాడు.

విజేందర్ అతన్ని వెనక్కి తిప్పి మా వైపు నెట్టాడు. అప్పుడు కనబడింది వీపు మీద గుర్తు. విజేందర్ ఒక్క క్షణం చూశాడు. వాడి బుర్రలో లైటు వెలగడం నాకు కనిపించింది.

"సూడుండ్రి. గీ గుర్తున్నోడు మన మందల లేడు. చైనా, చైనా అని మీరే అంటిరి గదా. ఎస్సై సారుకు చెప్త, ఎల్లుండి వచ్చి తీస్కపోతడు. గప్పటిదాక గీ అంగీ ఇడ్సుడు లేదు. ఎవ్వలన్న వీనికి చెయ్యందిస్తే వాళ్లు గూడ బయటకే."

మేమంతా ఎవరి పనికి వాళ్లం పోయాం. మిషన్ మళ్లీ నడిచింది.

మరుసటి రోజు రోమెన్ ఒక్కడే బస్తా దగ్గర నిలబడ్డాడు. మోకాళ్ల మీద కూర్చుని, బస్తాను వీపుకు ఆనించుకుని లేవబోయాడు. జారింది. మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి బస్తా కింద పడ్డాడు. నా వైపు చూశాడు. నేను ఆకాశంలో ఏదో పక్షిని చాలా శ్రద్ధగా చూస్తున్నాను. ఆకాశంలో పక్షి లేదు.

నా వంతు వచ్చింది. "జర ఎత్తుండ్రి," అని అడిగాను. ఎవరూ రాలేదు. చైనావాడి జోడీని కదా. నేను పుట్టించిన మాట ఊరంతా తిరిగి మధ్యాహ్నానికి నా ఇంటికే చేరింది. అతను ఆ గోడకు, నేను ఈ గోడకు కూర్చుని తిన్నాం. మధ్యలో పత్తి కుప్ప అంత ఎత్తున ఉంది, అయినా అతను నమిలే చప్పుడు నాకు వినిపించింది.

ఆ మధ్యాహ్నమే మాట పుట్టింది. మొదలుపెట్టింది నవనీత. ఆమె గొంతు ఇంకా పూర్తిగా రాలేదు.

"నేనియ్యాల అన్నం తింటున్ననంటే ఆయన వల్లనే. ఆయనేమో ఆడ ఒక్కడే కూసున్నడు. మనం ఏం మనుషులం?"

"అట్లని దేశం కానోని తోని కూసుంటమా?" అన్నాడొక హమాలీ. "మొహం సూసినవా? మన తీరున్నదా?"

"నీ మొహం నీ తమ్ముని తీరు లేదు. మీ అవ్వను అడుగుదమా మరి?" అంది నర్సింగమ్మ. మిల్లులో అందరికంటే పెద్దామె. వాళ్లది కూడా జీవాలు మేపే ఇల్లే. నేను పెద్దమ్మా అని పిలుస్తాను.

హనుమంతు మామ తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. "బొంబాయిల మట్టిపనికి పోతే మమ్మల్ని మద్రాసోళ్లన్నరు. మద్రాసు ఎట్లుంటదో నేను ఇప్పటిదాక సూడలే. మా ముకద్దం, అంటే కూలోళ్ల మేస్త్రి, మీరు ఈడి మనుషులు కాదు, గట్టిగ మాట్లాడకుండ్రి, అనేటోడు. గిప్పుడు విజేందర్ గదే పాట పాడుతుండు. పాట మారలే, పాడెటోడే మారిండు."

"మరి మన దేశమోడని నమ్మేదెట్ల?" అన్నాడు ఇందాకటి హమాలీ.

"పిలిచి అడుగుదం," అంది నర్సింగమ్మ. ఆమే లేచిపోయి రోమెన్‌ను గిన్నెతో సహా తీసుకొచ్చింది.

అతను హిందీలో నెమ్మదిగా చెప్పాడు. హనుమంతు మామ తెలుగులో చెప్పాడు. వాళ్లు బోడోలంట. వాళ్ల భాష వేరు, తిండి వేరు. వాళ్లు కూడా మాకొక రాష్ట్రం కావాలని కొట్లాడారంట. రైళ్లు ఆపారంట. అతని అన్న జైలుకు పోయాడంట. చివర్లో అతనే తెలుగులో అన్నాడు:

"మీకు వచ్చింది. మాకు రాలే."

ఎవరూ నమలడం లేదు. తెలంగాణ కోసం రైలు పట్టాల మీద వండుకుని తిన్న రోజులు అక్కడున్న సగం మందికి గుర్తున్నాయి.

"మనకొచ్చిన తెలంగాణల బెల్టుకు జాలీ రాలే గదా," అంది నర్సింగమ్మ. "జాలీ అడిగినోడు చైనోడు అయిండు. రేపు నువ్వడిగితే నువ్వు గూడ ఏదో ఒక దేశమోనివైతవు. ఇంగ గా విజేందర్, మనిషి వీపు మీద గొర్రెకు గీసినట్టు గీస్తడా? వాని చేతులు పడిపోను."

నేను ముద్దను చాలా జాగ్రత్తగా నమిలాను.

"గుర్తే కావాల్నంటే అందరి వీపుల మీద గీసుకొని పోదం," అంది నవనీత. "ఎవ్వల్ని తీస్కపోతడో తీస్కపోనీ. జాలీ పెట్టి, ఆయన్ని పనిల ఉంచినంకనే లోపటికి పోదం."

తిట్లయ్యాయి, వాదనలయ్యాయి, ఇద్దరు అలిగి లేచిపోయి మళ్లీ వచ్చి కూర్చున్నారు. చివరికి అందరూ సరేనన్నారు. జాజు ఎక్కడ దొరుకుతుందని ఎవరో అడిగారు. నా నోరు నన్నడగకుండానే తెరుచుకుంది.

"గోడ పక్కన నాకొక గడ్డ దొరికింది."

తెల్లవారి గేటు ముందు అందరి వీపుల మీద గుర్తు వేసింది నేనే. చీరల మీద, అంగీల మీద, బనియన్ల మీద. ఇంత మంది నన్ను ఇంత సేపు చుట్టుకుని నిలబడడం నా బతుకులో మొదటిసారి. ఉద్యమానికి నాయకుడిని నేనేనని సగం దాకా నమ్మేశాను.

జీపులో ఎస్సై వచ్చాడు. అందరం ఒక్కసారి వీపులు తిప్పి నిలబడ్డాం. "ఎవన్ని తీస్కపోతరో పోండ్రి సారూ," అంది నర్సింగమ్మ జీపు వైపు వీపు పెట్టి.

ఎస్సై విజేందర్‌ను అడిగాడు. "మనుషులకు గుర్తులు ఏస్తున్నవా?"

"నా బిడ్డ మీద ఒట్టు సార్, నేను గీయలే." విజేందర్ వీపుల వరస పొడుగునా నడిచాడు. వాడు దుర్మార్గుడే కాని మూర్ఖుడు కాదు. "సూడుండ్రి సార్. రెండు గీతలు, ఒక బొట్టు. వాని మీద గదే, వీళ్లందరి మీద గదే. ఒక్కటే చెయ్యి గీసింది. గీళ్లకెవడు గీసిండో వానికి గూడ వాడే గీసిండు."

నా చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. దాచుకోవడానికి నా అంగీకి జేబులు కూడా లేవు.

నర్సింగమ్మ నా వైపు తిరిగింది. "బీరన్నా, మీ బాపు జీవాల మీద గుర్తేందిరా?"

"రెండు గీతలు, ఒక బొట్టు."

ఆమె నా ఎర్ర చేతులు చూసింది. తర్వాత అందరికీ వినబడేలా చెప్పింది. "అంగట్ల కొత్త జీవాన్ని కొంటే ఇంటికి తోలుకొచ్చి ముందుగాల ఇంటి గుర్తే ఏస్తం. గా గుర్తు పడ్డదంటే అది మనదని. పిలగాడు గీసింది గందుకే. ఈయన మనోడే అని గీసిండు. గంతేనా బిడ్డా?"

అందరి మొహాలూ వెలిగాయి. హనుమంతు మామ ఆ మాట రోమెన్‌కు హిందీలో చెప్పాడు. రోమెన్ నన్ను చూసి నవ్వాడు. చెంప ఇంకా వాచే ఉంది.

మీలో అబద్ధాలాడే అలవాటున్నవాళ్లకు తెలుస్తుంది, అంత పెద్ద అవకాశం జన్మకొకసారి కూడా రాదు. అవునంటే చాలు, నేను మిల్లుకే హీరోని.

"కాదు పెద్దమ్మా," అన్నాను. "మనోడని గీయలే. నవ్వుతరని గీసిన. చైనా అన్నది నేనే. వైర్‌లెస్ అన్నది నేనే. నిన్న ఆయన బస్తా కింద పడ్తే సూసుకుంట నిలబడ్డది గూడ నేనే."

"ఎందుకురా?"

"మీరు నవ్వినప్పుడే గదా నా పక్కకు కూసునేది."

హనుమంతు మామ ఆ మాట రోమెన్‌కు చెప్పలేదు. రోమెన్ మొహంలో నవ్వు అప్పటికే పోయింది, చెప్పనక్కర లేకపోయింది.

విజేందర్ పెద్దగా నవ్వాడు. "విన్నరా? మీలోడే గీసిండు. అయిపోయింది గదా, నడువుండ్రి లోపటికి."

"గీసింది వీడే," అంది నర్సింగమ్మ. "గా గీత సూపెట్టి మనిషిని బయటకు నూకింది నువ్వు. వీని సంగతి మేం సూసుకుంటం. నువ్వు జాలీ సంగతి చెప్పు." తర్వాత నా వైపు చూడకుండా అడిగింది. "నీ వీపు మీద ఏదిరా గుర్తు?"

"లేదు. ఎవ్వల వీపు మీద వాళ్లు గీసుకోనీకి రాదు గదా."

నేను రోమెన్ ముందుకు వెళ్లి వెనక్కి తిరిగి నిలబడ్డాను. మిగిలిన జాజు ముక్కను అరచేతిలో పెట్టుకుని, గీయమన్నట్టు ఆ చేతిని వెనక్కి చాపాను.

నా ఎదురుగా గేటు తెరిచే ఉంది. లోపల మిషన్ ఆగి ఉంది. ఒక్కరు కూడా అటు కదలలేదు. వెనక ఎవరూ నవ్వలేదు. చెయ్యి నొప్పి పుడుతోంది. జాజు ఇంకా నా చేతిలోనే ఉంది.