అలంకరణ గదిలో ఉగ్గుగిన్నె

ఫొటోలు తీయించాలి. ధరలు వేయాలి. నాలుగు వందల వస్తువులనూ వాటికి తగిన గదుల్లో సర్దాలి. కొనేవాళ్లకు అవి దొరుకుతున్నాయో లేదో చూడాలి. విశాఖపట్నంలో ఒక ఆఫీసు బోర్డు మీద ఈ పనులు రాసి ఉండేవి. చివరిది చేయకముందే దానికి టిక్కు పడింది. నా అనుమానం అక్కడ మొదలైంది.

నేను ఒక మెనూ పట్టీని. ఇత్తడి, స్టీలు సామాన్లు అమ్మే వెబ్‌సైటులో పైన మూడు గీతలుగా ఉండేదాన్ని. వేలు తగిలితే విచ్చుకుని వంటగది, పూజ, పిల్లలు, అలంకరణ అంటూ గదులు చూపించేదాన్ని. నన్ను తయారుచేసినవాడు పైడిరాజు. చాలామంది నన్ను తెరిచి, కాసేపు తిరిగి, ఏమీ కొనకుండా పోయేవారు. వాళ్లకు వెతకడం రాదని ఆఫీసులో తేల్చారు. నాకైతే నమ్మకం కుదరలేదు.

ఒకరోజు ఆఫీసులోని ఆరుగురూ నన్ను పరీక్షించారు. పేరు చెప్పడమే ఆలస్యం, వస్తువు పట్టేశారు. మేనేజరు కామేశం గారు చప్పట్లు కొట్టారు.

"మనం దాచింది మనకి దొరక్క ఏటవుద్ది సార్?" అన్నాడు పైడిరాజు. టీ తెచ్చిన సన్యాసమ్మ చేతిలో ఫోను పెట్టాడు. "పిన్నీ, నీకు కావాల్సిందేదైనా ఇందులో ఎతుకు."

"ఉగ్గుగిన్ని కావాల బాబూ."

ఆమె కూతురికి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. బిడ్డకు చప్పరించే బలం లేదు. గురువారం ఇంటికి పంపుతాం, ఉగ్గుగిన్నెతోనే పాలు పట్టాలని నర్సు చెప్పింది. కొట్లలో అడిగితే అందరూ పాలసీసాలే చూపించారు.

టైపు కొట్టడం ఆమెకు రాదు. కూడబలుక్కుని చదవగలదు. నేరుగా 'పిల్లలు' తెరిచింది. గిలక్కాయలు, ఊయల గొలుసులు. 'వంటగది' తెరిచింది. అక్కడా లేదు. మళ్లీ 'పిల్లలు'.

"నా కళ్లే మసకలేమో," అంది.

తప్పు నాది. నింద వేసుకుంది తన మీద.

చివరికి వేలు జారి 'అలంకరణ' తెరుచుకుంది. నెమలి దీపానికీ ఇత్తడి గుర్రబ్బండికీ మధ్య, పక్కన గులాబీ పెట్టి తీసిన ఫొటోలో ఉగ్గుగిన్నె! సర్దిన ఆరుగురిలో దానితో పాలు పట్టినవాళ్లు ఒక్కరూ లేరు.

"అక్కడైతే చూడ్డానికి బాగుంటుందనీ..." నసిగారు కామేశం గారు.

"షోకేసులో ఎట్టేస్తే పిల్ల అద్దం నాకుద్దేటి బాబూ?"

పైడిరాజు కింది గోడౌనుకు పరుగెత్తి గిన్నె తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. సాయంత్రానికల్లా దాన్ని 'పిల్లలు' గదిలోకి మార్చాడు. మరుసటి సోమవారం టీ పోస్తూ సన్యాసమ్మ చెప్పింది: "గుటకలేస్తంది బాబూ! సగం గిన్ని తాగేసి తొంగుంది."

ఇప్పుడు నా చోట కొత్త పట్టీ వచ్చింది. నేను పాత ఫైళ్లలో పడి ఉన్నాను. బోర్డు మీద ఆ చివరి పనికి మళ్లీ టిక్కు ఉందట. ఎవరిని పిలిచి చూపించారో, అసలు చూపించారో లేదో, నాకు అనుమానమే. అందుకే అడుగుతున్నాను. మీరు వెతికింది దొరక్క 'నా కళ్లే మసకలేమో' అనుకోబోయినప్పుడు, ఒక్క క్షణం ఆగి సన్యాసమ్మను తలుచుకోండి.